కేసముద్రం యార్డులో జపాన్ పాఠం

ఈ మధ్య మా మట్టెవాడ మసీదులో తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక మెట్లు దిగుతుంటే ఒక కుర్రాడు ఎదురొచ్చి నమస్తే పెట్టాడు. మా కాలేజీలో చదివినవాడే. పీఈటీ ఉద్యోగం వచ్చిందట, పరకాల దగ్గర పోస్టింగట.

"సార్, పోంగనె ఏం చెయ్యాల్నో జర చెప్పున్రి. కాలేజీల చెప్పినయన్ని మర్చిపోయిన," అన్నాడు.

"మర్చిపోయినవా? సగం పని అయింది పో," అన్నాను.

వాడు నవ్వి బండి ఎక్కి వెళ్ళిపోయాడు. నేను మాత్రం చాయ్ తాగుతూ చాలాసేపు అదే ఆలోచించాను. మెట్ల మీద నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. వాడికోసం, వాడిలా కొత్తగా విజిల్ మెడలో వేసుకునే పిల్లలకోసం.

నేను మొదట బడిలో పీఈటీగా, తర్వాత వరంగల్‌లో ఒక వ్యాయామ విద్య కాలేజీలో లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఏ ఏడు ఏ గ్రేడు వచ్చిందో రాస్తే మీకు ఒరిగేదేమీ లేదు. నిజం చెప్పాలంటే బడిలో ఎవరి పనీ కానిదల్లా పీఈటీ పని. ప్రార్థనలో లైన్లు, మధ్యాహ్నం అన్నం దగ్గర లైన్లు, జెండా పండుగకు లైన్లు, పెద్దమనుషులు ఊరికొస్తే రోడ్డు పక్కన లైన్లు. పిల్లలకు మనం 'డ్రిల్లు సార్'లం. తోటి టీచర్లకు సిలబస్ పూర్తి చేసుకోవడానికి మన పీరియడ్ దొరుకుతుంది. దీనికి ఏడ్చేవాళ్ళను చాలామందిని చూశాను. నేను ఏడవలేదు. చిన్నప్పుడు మసీదు బడి మక్తబ్‌లో చదువు చెప్పిన హాఫిజ్ సాబ్ ఒకటి నేర్పాడు. వరస సరిచేయడం చిన్న పని కాదని, నమాజు మొదలయ్యేదే అక్కడినుంచని. భుజానికి భుజం ఆనించి, మధ్యలో ఖాళీ లేకుండా నిలబడితేనే జమాత్, అంటే కలిసి చేసే నమాజు. నాకు లైను అంటే అదే. తిట్టి నిలబెట్టేది కాదు.

అన్నం తిన్నాక పీరియడ్

మా ప్రిన్సిపాల్ నారాయణ సార్ వాలీబాల్ ఆడి పైకొచ్చిన మనిషి. గొంతు పెద్దది, మనసు మంచిది, కాగితం మీద ఉన్నది గ్రౌండులో కనబడకపోతే మాత్రం ఊరుకోడు. ఏడాది మొదట్లో సబ్జెక్టులు పంచేటప్పుడు వ్యాయామ విద్య చరిత్ర ఎవరూ తీసుకోలేదు. అది అన్నం తిన్నాక వచ్చే పీరియడ్. పొద్దున ఎండలో ఉరికి, కడుపు నిండా తిన్న పిల్లలు బెంచీల మీద పత్తి బస్తాల్లా ఒరిగిపోతారు.

"యాకూబ్, నువ్వు తీసుకో," అన్నాడు సార్. "నువ్వు పగటి జొహర్ నమాజుకు ముఖం, కాళ్లు చేతులు కడుక్కొని వస్తవు. నీకు నిద్ర రాదు."

"నాకు రాదు సార్, వాళ్లకొస్తది."

"వాళ్ల నిద్ర వాళ్లిష్టం. నువ్వైతే చెప్పు."

అలా చరిత్ర నాకు అంటుకుంది. మొదటి ఏడాది గ్రీకులు, రోమన్లు చెప్పి నేనే ఆవలించాను. పాఠ్యపుస్తకంలో చివరన జపాన్‌లో ఫుట్‌బాల్ ఎలా వచ్చిందో కొన్ని వాక్యాలు ఉండేవి. పరీక్షలో అడగరని అందరూ వదిలేసే పేజీ. ఆ పేజీ నన్ను పట్టుకుంది. మిగతా చరిత్రంతా రాజులది, సైన్యాలది. ఇది మాస్టర్లది. అది కూడా ఇంకా మాస్టర్లు కాని, ట్రైనింగు చేస్తున్న పిల్లలది. మా క్లాసులో ఒరిగి నిద్రపోతున్న వాళ్ళలాంటి పిల్లలది.

లైబ్రరీలో వెతికాను, తెలిసినవాళ్ళను అడిగాను, తర్వాత తర్వాత ఇంటర్నెట్‌లో చదివాను. అయిదు నిమిషాల పాఠం నా చేతిలో వారం పాఠమైంది.

బంతి వెళ్ళిన దారి

క్లాసులో నేను చెప్పే పద్ధతిలోనే ఇక్కడా చెబుతాను.

జపాన్ తన తలుపులు తెరిచి బయటి చదువులు నేర్చుకుంటున్న కాలం. నౌకాదళం బడిలో పాఠాలు చెప్పడానికి ఇంగ్లండ్ నుంచి ఒక అధికారి వచ్చాడు. ఖాళీ దొరికినప్పుడు కుర్రాళ్ళతో బంతి ఆడించేవాడు. ఆట అడుగుపెట్టింది అలాగని అంటారు. కానీ వేరు పట్టింది అక్కడ కాదు. ఆడించిన పెద్దమనిషి ఓడెక్కి వెళ్ళాక ఆ సరదా చాలావరకు సరదాగానే మిగిలిపోయింది.

వేరు పట్టింది టోక్యోలో మాస్టర్లను తయారుచేసే కాలేజీలో. అక్కడి విద్యార్థులు క్లబ్బు పెట్టుకున్నారు. రూల్సు తమ భాషలో రాసుకున్నారు. ఓడరేవు ఊళ్ళో ఉండే విదేశీయులతో మ్యాచ్ ఆడి చిత్తుగా ఓడారు. కొన్నేళ్ళకు తమ ఊళ్ళోనే జరిగిన పోటీల్లో చైనా చేతిలో, ఫిలిప్పీన్స్ చేతిలో ఇంకా ఘోరంగా ఓడారు.

ఇక్కడికి వచ్చేసరికి క్లాసులో ఒకడైనా లేస్తాడు. ఆ ఏడాది లేచినవాడు రాజు. వెనక బెంచీ, మాట ముందు, మనిషి వెనక.

"సార్, అందరి చేతుల ఓడినోళ్ల కథ మాకెందుకు?"

"ఓడినంక ఏం చేసిన్రో వినరాదురా."

"ఏం చేసిన్రు?"

"చదువు అయిపోయింది, పోస్టింగులు వచ్చినయ్, ఎవని జిల్లాకు వాడు పోయిండు."

"గంతేనా?"

"గంతే. కానీ బంతి పట్టుకపోయిండు."

పాఠమంతా అక్కడే ఉంది. ఒకడు ఉత్తరానికి, ఒకడు దక్షిణానికి, ఎవడికి ఏ బడి వస్తే ఆ బడికి ఆట తీసుకెళ్ళాడు. వాళ్ళ దగ్గర నేర్చుకున్న పిల్లల్లో కొందరు మళ్ళీ మాస్టర్లయ్యారు. దేశానికి ఒక సంఘమంటూ లేకముందే ఆట ఊళ్ళకు చేరింది. తమాషా ఏమిటంటే ఇంగ్లండ్ వాళ్ళు అక్కడ జాతీయ పోటీలు జరుగుతున్నాయనుకుని ఒక వెండి కప్పు బహుమానంగా పంపారు. కప్పు వచ్చింది గానీ తీసుకోవడానికి సంఘం లేదు. అప్పుడు సంఘం పెట్టారు. పెళ్ళికొడుకు ఇంకా ఖాయం కాకముందే కట్నకానుకలు వచ్చినట్టు. ఆ కప్పు కూడా తర్వాత యుద్ధంలో లోహం కోసం కరిగిపోయింది. ఆట కరగలేదు.

ఇక బర్మా కుర్రాడు. ఇంజనీరింగు లాంటి చదువు కోసం టోక్యో వచ్చాడు. అప్పటిదాకా జపాన్ పిల్లల ఆటంటే బంతిని గట్టిగా దూరం తన్నడం, అందరూ దాని వెనక ఉరకడం. ఆ కుర్రాడు చిన్న పాసు నేర్పాడు. పక్కవాడికి ఇవ్వు, ఖాళీలోకి జరుగు, మళ్ళీ తీసుకో. ఎందుకలా ఇవ్వాలో, పాదం ఎక్కడ పెట్టాలో లెక్క చెప్పినట్టు విడమరిచి చెప్పేవాడట. బడులు తిరిగి నేర్పాడు. తన పద్ధతంతా ఒక పుస్తకంగా రాశాడు. తర్వాత తన దేశం వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతనేమయ్యాడో సరిగ్గా ఎవరికీ తెలియదు.

"పైసలు బాగిచ్చి ఉంటరు సార్," అన్నాడు రాజు.

"వాళ్లంత అమెచ్యూర్లురా. కూలి కోసం ఆడినోళ్లు గాదు."

"మరెందుకు సార్?"

మా మతంలో పని మొదలుపెట్టే ముందు నియ్యత్ చూస్తారు, మనసులో ఏ ఉద్దేశం పెట్టుకుని చేస్తున్నావని. నమాజుకైనా, ఉపవాసానికైనా అదే మొదలు. అమెచ్యూర్ అంటే నాకు అర్థమైంది అదే. జీతం తీసుకుని ఈ మాట చెబుతున్నానని నాకూ తెలుసు. జీతం ఒకటో తారీఖున వస్తుంది, నియ్యత్ మాత్రం రోజూ పొద్దున్నే మళ్ళీ పెట్టుకోవాలి. రాజుకు అదే చెప్పాను. వాడు తల ఊపి కూర్చున్నాడు. నిద్రపోయాడో లేదో చూడలేదు.

నేర్పిన తప్పు

మా కోర్సులో పెద్ద గండం ఫైనల్ లెసన్. ట్రైనీలు కొన్ని వారాలు ఏదో ఒక బడికి వెళ్ళి పిల్లలకు ఆటలు నేర్పుతారు. చివర్లో బయటినుంచి ఒక ఎగ్జామినర్ వచ్చి పాఠం చూస్తాడు. ఆయన్ని మేం ఎక్స్‌టర్నల్ సార్ అంటాం. ఆ ఒక్క పాఠం బాగుండాలని ట్రైనీలు దాన్ని నాటకంలా పిల్లలతో ముందే ఆడిస్తారు. నిలబడడం, పరుగెత్తడం, చప్పట్లు, అన్నీ. ఇది మా లెక్చరర్లందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కాలేజీ ఎంత పాతదో అలవాటూ అంత పాతది.

రాజు ఫైనల్ లెసన్ ఫుట్‌బాల్ పాసు. పాఠంలో 'తప్పులు సరిదిద్దడం' అని ఒక మెట్టు తప్పకుండా ఉండాలి. ఆ రోజు పిల్లలు తప్పు చేయకపోతే ఎట్లా? అందుకని వాడు ఒక పిల్లవాడిని తప్పు చేయడానికి పెట్టాడు. పేరు పిలవగానే వాడు బొటనవేలితో తన్నాలి, రాజు విజిల్ వేసి ఆపాలి, సరిచేయాలి.

అంతా అనుకున్నట్టే నడిచింది. రాజు సరిచేశాడు. ఎక్స్‌టర్నల్ సార్ పాతకాపు. నెమ్మదిగా ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, సార్ చెప్పింది అర్థమైంది గదా. ఇప్పుడు మంచిగ కొట్టి చూపెట్టు."

పిల్లవాడు రాజు వైపు చూశాడు. తర్వాత ఎక్స్‌టర్నల్ వైపు.

"సార్, నాది తప్పు కొట్టే డ్యూటీ. మంచిగ కొట్టుడు శీనుగానిది."

నారాయణ సార్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు ఊగడం నాకు కనబడింది. రాజు పాసయ్యాడు, అంచు మీద. సాయంత్రం ఆఫీసు రూములో సార్ నన్ను పిలిచాడు.

"యాకూబ్, మనోళ్లు తప్పులు గూడ గంత మంచిగ నేర్పుతాండ్రయ్యా."

నవ్వాం. నవ్వు అయిపోయాక సార్ ఇంకో మాటన్నాడు. "గా బడికి మనం ఏటా పోతానం. ఏటా గవే పిల్లలు 'సార్, బంతి తెచ్చిన్రా' అని అడుగుతాండ్రు. మనం వచ్చినంక ఒక్కనాడన్న వాళ్లంతట వాళ్లు ఆడిన్రా? నువ్వు జపాన్ జపాన్ అంటవు గదా, ఇగో, దీనికి జవాబు చెప్పు."

ఆయన ఊరికే అన్నాడో, నిజంగా అడిగాడో తెలియదు. నాకు మాత్రం ముల్లులా దిగింది. ఓడెక్కి వెళ్ళిపోయిన ఆ అధికారి లాంటివాళ్ళమే మేమూ. మేముంటే ఆట ఉంది, మేం వెళితే సంచీలో బంతులు కూడా మాతో వెళ్ళిపోతున్నాయి.

యార్డు

మరుసటి ఏడాది స్వరూప వచ్చింది. పరకాల దగ్గరి పల్లె, పత్తి ఏరే ఇంటి పిల్ల. హాస్టల్లో చదివేటప్పుడు ఫుట్‌బాల్ ఆడింది. మాట తక్కువ, కాలు చురుకు. టీచింగ్ ప్రాక్టీసుకు ఆమెకు కేసముద్రంలో ఆడపిల్లల బడి వచ్చింది. ఆమెను, ఆమెతో పాటు ఇంకొందరు ట్రైనీలను చూసే బాధ్యత నాది. పొద్దున ప్యాసింజర్ ఎక్కి వెళ్ళేవాళ్ళం.

బడి గ్రౌండు వానకు చెరువైంది. పక్కనే మార్కెట్ యార్డు. ఆ నెలల్లో పత్తీ రాదు, మిర్చీ రాదు, సిమెంటు చేసిన పెద్ద జాగా ఖాళీగా పడి ఉంటుంది. స్వరూప యార్డు వాళ్ళను అడిగి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళింది. కొద్దిమంది హమాలీలు షెడ్డు నీడలో కూర్చుని చూసేవాళ్ళు. వాళ్ళ బిడ్డలే ఆ పిల్లల్లో చాలామంది.

మొదటి వారం బడి పెద్ద మేడం నాతో స్పష్టంగా మాట్లాడింది.

"సార్, మా బడిల పీఈటీ లేడు. మీ పిల్ల ఉన్నన్ని రోజులు ఆడించుకోండ్రి. ఆమె పోంగనె బంతి నా బీరువల పెట్టి తాళమేస్త."

"ఎందుకు మేడం? బంతులు మీకే ఇచ్చిపోతం."

"బంతి సంగతి గాదు సార్. విజిల్ వేసేటోళ్లు లేకుండ ఆడపిల్లల్ని యార్డుల వదుల్తనా? ఒకదానికి కాలు ఇరిగితే ఎవరొస్తరు? వాళ్లంతట వాళ్లు పద్ధతిగ ఆడుతరని నాకు కండ్లార చూపెట్టున్రి. ఫైనల్ లెసన్ నాడు నేను గూడ వస్త. చూసినంక చెప్త."

ఆమె మాటలో తప్పు లేదు. ఆ సంగతి స్వరూపకు చెప్పాను. ఆ రోజు నుంచి ఆమె కళ్ళు మార్కుల మీద లేవు.

తర్వాతి గండం ఖాసిం. యార్డులో హమాలీ. అతని బిడ్డ షబానా తొమ్మిదో తరగతి, జట్టులో అందరికన్నా చురుకైన పిల్ల. ఒకరోజు సాయంత్రం అసర్ నమాజుకు ముందు యార్డు వెనక మసీదులో వుజూకు కాళ్ళు చేతులు కడుక్కుంటుంటే అతను నా పక్కన కూర్చున్నాడు.

"యాకూబ్ భాయ్, మీరు ముందు వరసల నిలబడేటోళ్లు. మీరే చెప్పున్రి. ఆడపిల్ల గిట్ల పదిమంది ముంగట ఉరుకుడేంది?"

కొత్త పీఈటీలకు ఇక్కడ ఒక మాట. ఇలాంటి తండ్రిని వెనకబడినవాడని అనుకోకండి. వాదించి గెలవాలని చూడకండి. అతనికి ఉన్న భయం, అతనికి ఉన్న భక్తి రెండూ నిజమైనవి. నాకూ బిడ్డలున్నారు, నాకూ అదే భక్తి ఉంది.

"కప్పుకొని ఉండాల్నన్న నీ మాట నిజమే ఖాసిం," అన్నాను. "నిండు ప్యాంటు, పొడుగు చేతులు, తలకు స్కార్ఫు. గట్లనే ఆడుతది. నేను ముల్లాను గాను, ఫత్వా ఇయ్య. కానీ ప్రవక్తవారు తమ ఇల్లాలితోని పరుగు పందెం వేసిన ముచ్చట నువ్వు మసీదు బయాన్‌ల వినలేదా?"

"విన్న."

"మరి?"

"గది వాళ్ల ఇంటి ముచ్చట భాయ్."

"మంచిది. మరి యార్డును ఇల్లు లెక్క చెయ్యి. మీ హమాలీలు షెడ్డు అవతలి పక్క కూసుంటే సరిపోదా?"

అతను మొహం తుడుచుకున్నాడు. "ఇన్నొద్దుల సంది చాయ్ తాగే జాగ మార్చాల్నంటవు," అన్నాడు. మర్నాటి నుంచి హమాలీలు అవతలి పక్కకు మారారు. ఖాసిం మాత్రం షెడ్డులో మిగిలిన బస్తాల చాటునుంచి చూసేవాడని స్వరూప చెప్పింది.

ఖాసిం నాతో మాట్లాడిన రోజే ఆ మసీదులో ఇంకొకటి జరిగింది. ఇమాం సాబ్ ఊళ్ళో లేడు. నమాజు మొదలవుతోందని ఇఖామత్ చెప్పారు, వరస కట్టాం, ముందు నిలబడి నడిపించేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరూ కంగారు పడలేదు. సైకిల్ షాపు కుర్రాడు ఒకడు వరసలోంచి ఒక అడుగు ముందుకు వేశాడు. నమాజు మొదలైంది. పుట్టినప్పటినుంచి చూస్తున్నదే. నడుస్తున్న నమాజులో ఇమాంకు ఆటంకం వచ్చినా ఆయన వెనక్కి తగ్గుతాడు, వెనకున్నవాడు ముందుకు వస్తాడు, నమాజు మాత్రం ఆగదు. ఆ రోజు చివరి సలాం చెప్పి నమాజు ముగించాక నాకు నారాయణ సార్ ప్రశ్న గుర్తొచ్చింది.

యార్డుకు తిరిగొచ్చి చూస్తే స్వరూప నేర్పుతోంది. బాగా నేర్పుతోంది. కానీ ప్రతి పాసు తర్వాతా ప్రతి పిల్లా ఆమె మొహం చూస్తోంది. విజిల్ మోగితే కదులుతారు, మోగకపోతే నిలబడతారు. ఆమెను పక్కకు పిలిచాను.

"అమ్మా, రేపటి సంది నువ్వు విజిల్ జేబుల పెట్టు."

"మరి ఎవరు నడిపిస్తరు సార్?"

"దినానికొకరు. వరసల నుంచి ఒక పిల్ల ముందుకు రావాలె. నువ్వు వెనక నిలబడు."

"ఆగమైతది సార్. ఎక్స్‌టర్నల్ వస్తాండు."

"కావచ్చు. ఆగం కానియ్యి."

ఆమెది పరీక్ష. నాది ఉచిత సలహా. ఆ తేడా నాకు తెలుసు. అయినా ఆమె విజిల్ తీసి జేబులో పెట్టుకుంది.

నిజంగానే ఆగమైంది. మొదటి రోజు నడిపించిన పిల్ల అరిచి అరిచి ఏడ్చింది. తర్వాతి పిల్ల తన దోస్తులకే బంతి ఇచ్చింది. షబానా వంతు వచ్చినప్పుడు ఆమె అందరినీ ఇమాం కన్నా కఠినంగా నిలబెట్టింది. "ఏయ్ మంజులా, ఖాళీ ఎందుకు ఇడిసినవ్, నీ అత్తగారు వచ్చి నిలబడుతదా?" అని. పిల్లలు నవ్వి ఖాళీ పూడ్చారు. మెల్లమెల్లగా స్వరూప మొహం చూడటం తగ్గింది. పక్కదాని కాలు చూడటం మొదలైంది.

ఫైనల్ లెసన్

ఆ ఏడూ అదే ఎక్స్‌టర్నల్ సార్. నారాయణ సార్ వచ్చాడు. బడి పెద్ద మేడం గొడుగు పట్టుకుని ఒక మూల నిలబడింది. స్వరూప మొదలుపెట్టింది. వామప్ అయింది, పాసు చూపించింది, పిల్లలు జంటలుగా విడిపోయారు.

అప్పుడు ఎక్స్‌టర్నల్ సార్ చేయి ఊపాడు. "అమ్మా, గిట్ల రా. నీ లెసన్ ప్లాన్ తీస్కరా. కొన్ని అడిగేదున్నది."

పాఠం మధ్యలో పిలిచాడు. ఆయన ఎత్తు అదే. టీచరును పక్కకు లాగితే నాటకం నేర్చిన పిల్లలు బొమ్మల్లా నిలబడిపోతారు. ఆయన అది ఎన్నోసార్లు చూసినవాడు.

స్వరూప వచ్చి నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే పిల్లలు తన మొహం వైపు చూస్తారని ఆమెకు తెలుసు. యార్డులో బంతులు ఒకటొకటిగా ఆగిపోయాయి. పిల్లలు నిలబడ్డారు. మేడం గొడుగు సరిచేసుకుంది. నేను మనసులో దువా చేసుకున్నాను. స్వరూప మార్కుల కోసం కాదు.

చప్పట్లు వినబడ్డాయి. షబానా వరసలోంచి బయటికొచ్చింది.

"ఏమైందే, సినిమా చూస్తాండ్రా? అటిద్దరు, ఇటిద్దరు పోండ్రి. ఇచ్చినంక జరగాలె. నిలబడితే చెట్టు లెక్క అయితరు."

బంతులు మళ్ళీ కదిలాయి. ఎక్స్‌టర్నల్ సార్ ప్రశ్న మధ్యలో ఆపి అటు చూశాడు. కాసేపటికి షబానా ఒక చిన్న పిల్లకు చూపిస్తూ కంగారులో తానే బొటనవేలితో తన్నింది. బంతి వంకరగా పోయింది.

"తప్పు చెప్తాంది గదా," అన్నాడు ఆయన.

స్వరూప అడుగు వేయబోయింది. "ఆగమ్మా," అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు.

అవతలినుంచి మంజుల అరిచింది. "షబానా, బొటనేలుతోని గాదే, పాదం పక్కతోని. నువ్వే చెప్పి నువ్వే మర్చిపోతవా?"

"అవునే, మర్చిపోయిన. తియ్, మళ్ల చూడు," అంది షబానా. చిన్న పిల్లకు మళ్ళీ చూపించింది. ఈసారి బంతి తిన్నగా పోయింది.

ఎక్స్‌టర్నల్ సార్ స్వరూపను ఇంకేమీ అడగలేదు. ప్లాన్ ఆమె చేతికిచ్చి, "పో అమ్మా, నీ పిల్లలు ఆడుతాండ్రు," అన్నాడు.

ఆట అయ్యాక మేడం షబానాను పిలిచింది. అందరి ముందూ.

"సాయంత్రం గంట కొట్టినంక బంతి నీకిస్త. చీకటి పడకముందు తెచ్చియ్యాలె. ఎవరన్న కొట్లాడితే రెండో రోజు బంతి ఉండది. పోగొడితే మీ నాయనను అడుగుత."

బస్తాల చాటునుంచి ఖాసిం గొంతు వచ్చింది. "నన్నడుగుడెందుకు మేడం? నన్ను అవతలి పక్కకు తరిమిందే గామె ఆట."

పిల్లలు పగలబడి నవ్వారు. నారాయణ సార్ నా భుజం మీద చెయ్యేసి రైలు ఎక్కేదాకా తీయలేదు. బాసుల గురించి నన్నడిగితే ఒకటే చెబుతాను. అడగాల్సిన ప్రశ్న అడిగి, జవాబు వచ్చిన రోజు గొప్ప చెప్పుకోని మనిషి దొరికితే అల్లాహ్‌కు షుక్రియా చెప్పుకోండి. నాకు దొరికాడు.

స్వరూప మంచి మార్కులతోనే పాసైంది. ఇప్పుడు వేరే జిల్లాలో గురుకులంలో పనిచేస్తోంది. ఫోను చేసినప్పుడు తన బడి సంగతులే చెబుతుంది.

ఆ తర్వాత మా కాలేజీలో లెసన్ చూసే తీరు కొంచెం మారింది. పూర్తిగా మారలేదు. నాటకాలు ఇంకా వేస్తారు. ఏ పద్ధతైనా ఒక్క పాఠంతో మారుతుందని చెప్పేవాళ్ళను నమ్మకండి. మీరు చేయగలిగింది మాత్రం ఒకటుంది. మీ బడిలో మొదటి నెలలోనే విజిల్ ఒక పిల్లకు ఇచ్చి వెనక్కి జరగండి. ఆగమవుతుంది. పక్క టీచర్లు నవ్వుతారు. పీఈటీ నీడలో కూర్చున్నాడని హెడ్మాస్టరు అనుకుంటాడు. అనుకోనివ్వండి. కూర్చోవడం వేరు, వెనక నిలబడి చూడటం వేరు. మీకు తెలుసు, పైవాడికి తెలుసు.

మిర్చి కాలం

రిటైరయ్యాక ఒక నిఖా కోసం కేసముద్రం వెళ్ళాను. ఆదివారం. వలీమా భోజనానికి ఇంకా టైముంది. కాళ్ళు యార్డు వైపు తీసుకెళ్ళాయి.

మిర్చి కాలం. యార్డు నిండా బస్తాలు, మనిషి ఎత్తున కుప్పలు. సెలవు కాబట్టి వేలం లేదు, లారీలు లేవు. ఈ కాలంలో ఆట ఎక్కడుంటుందిలే అనుకున్నాను. ఘాటుకు రెండు తుమ్ములు తుమ్మి వెనక్కి తిరగబోతుంటే బస్తాల మధ్యనుంచి కేకలు వినబడ్డాయి.

కుప్పల మధ్య మిగిలిన ఇరుకు సందులో ఆడపిల్లలు ఆడుతున్నారు. దూరం తన్నడానికి జాగా లేదు. పక్కదానికి ఇవ్వడం, ఖాళీలోకి జరగడం, మళ్ళీ తీసుకోవడం. బంతి నేలను వదలడం లేదు. అందరూ కొత్త మొహాలే. నేను ఒక్కదాన్నీ గుర్తుపట్టలేదు. ఒక్కతీ నన్ను గుర్తుపట్టలేదు.

బంతి నా కాళ్ళ దగ్గరికి వస్తే ఆపాను. ముక్కుకు చున్నీ చుట్టుకున్న ఒక పిల్ల ఉరికొచ్చింది.

"ఎవరు నేర్పిండ్రమ్మా మీకు?" అడిగాను.

"షబానక్క."

"షబానక్కకు ఎవరు నేర్పిండ్రు?"

ఆ పిల్ల ఇంత సులువైన సంగతి నాకెందుకు తెలియదన్నట్టు చూసింది.

"ఎవరు నేర్పుతరు? షబానక్కకు ముందుగాల్నే వచ్చు."

"గట్లనా."

"గట్లనే. తాతా, జర పక్కకు జరుగుండ్రి. గోల్‌ల నిలబడ్డరు."

నేను పక్కకు జరిగాను.